ఇంటి లోనుకి సర్కారు పూచీ: ఎవరికి, ఎంతవరకు?

అమెరికాలో ఇల్లు కొనబోతున్న, కొన్న మన పాఠకుల నుంచి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. జవాబుల్లోకి వెళ్లేముందు ఒక్క మాట. మన దగ్గర సర్కారు ఇళ్ల పథకం అంటే స్థలం పట్టానో, సబ్సిడీ సొమ్మో గుర్తొస్తుంది. అమెరికా ఫెడరల్ ప్రభుత్వం మధ్యతరగతికి ఇల్లు కట్టివ్వదు, చాలావరకు డబ్బు కూడా ఇవ్వదు. అప్పిచ్చేవాడికి పూచీ నిలబడుతుంది. ఆ పూచీ ఎవరి అప్పుకి వర్తిస్తుంది, దానికి ఫీజు ఎంత, ఎన్నాళ్లు కట్టాలి అన్నవి తెలిస్తే కింది ప్రశ్నల్లో సగం వాటంతటవే విడిపోతాయి.

ప్రశ్న: షార్లట్‌లో ఉంటున్నాం. ఇద్దరం హెచ్-1బి మీద పనిచేస్తున్నాం, క్రెడిట్ స్కోర్లు 740 పైనే. మా స్నేహితులు ఇదే వీసా మీద మూడున్నర శాతం డౌన్ పేమెంట్‌తో ఎఫ్‌హెచ్‌ఏ లోను తీసుకున్నారు. మాకు మాత్రం లెండర్ కుదరదంటున్నాడు. ఎందుకని?

జవాబు: మీ స్నేహితులు కొన్నాక రూలు మారింది. ఎఫ్‌హెచ్‌ఏ (ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్) స్వయంగా లోను ఇవ్వదు, లెండర్ ఇచ్చిన లోను తీరకపోతే నష్టం భరిస్తానని బీమా చేస్తుంది. ఆ సంస్థను నడిపే ఫెడరల్ గృహనిర్మాణ శాఖ 2025 మార్చి 26న ఒక ఉత్తర్వు ఇచ్చింది. పర్మనెంట్ రెసిడెంట్లు కాని వాళ్లకి ఇక బీమా చేయబోమన్నది దాని సారాంశం. ప్రతి దరఖాస్తుకీ లెండర్ ఎఫ్‌హెచ్‌ఏ నుంచి ఒక కేసు నంబరు తీసుకుంటాడు. 2025 మే 25న గానీ ఆ తర్వాత గానీ ఇచ్చిన కేసు నంబర్లన్నిటికీ ఈ రూలు వర్తిస్తుంది. హెచ్-1బి, ఎల్-1 వాళ్లే కాదు, గ్రీన్ కార్డు ఫైలు పెండింగులో ఉండి ఈఏడీ (పని అనుమతి) కార్డు మీద పనిచేస్తున్న వాళ్లు కూడా ఇందులోకి వస్తారు. అంతకుముందు తీసుకున్న లోన్లకి ఇబ్బందేమీ లేదు.

మీ స్కోరుకి అసలు ఎఫ్‌హెచ్‌ఏ అవసరమే లేదు. లెండర్ల నుంచి లోన్లు కొనే ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ సంస్థలు తీసుకునే కన్వెన్షనల్ (ప్రభుత్వ బీమా లేని) లోన్లకి చట్టబద్ధంగా నివసిస్తున్న వీసాదారులు అర్హులే. షరతులూ పౌరులకి ఉన్నవే. మీ ఇద్దరిలో ఒకరికి ఇది మొదటి ఇల్లయితే, ఫిక్స్‌డ్ రేటు లోను మీద, మీరే కాపురముండే ఇంటికి 3 శాతం డౌన్ పేమెంట్ చాలు. 2026లో ఎక్కువ ప్రాంతాల్లో లోను పరిమితి 8,32,750 డాలర్లు.

కొందరు లెండర్లు హెచ్-1బి అనగానే పది, ఇరవై శాతం కట్టమంటారు. అది ఫ్యానీ మే పెట్టిన షరతు కాదు, ఆ లెండర్ సొంతంగా పెట్టుకున్నది. "ఇది ఫ్యానీ మే గైడులో ఉన్న రూలా, మీ సంస్థ రూలా?" అని సూటిగా అడగండి. సంస్థ రూలే అయితే ఇంకో లెండర్ దగ్గరికి వెళ్లండి. పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), ఐ-797 (వీసా హోదా ఆమోద పత్రం), రెండేళ్ల డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, పన్ను చూపే ఫారాలు), నెల రోజుల పే స్టబ్‌లు, రెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు ఒకే ఫోల్డర్లో పెట్టుకోండి. ఐ-797 గడువు దగ్గరపడుతుంటే పొడిగింపుకి పెట్టిన రసీదు కూడా జతచేయండి. ఆ కాగితం ఒక్కటి లేక క్లోజింగ్ (ఇల్లు చేతులు మారే చివరి ఘట్టం) వారాలకొద్దీ ఆగిన సందర్భాలు చాలా ఉన్నాయి.

దరఖాస్తులన్నీ రెండు వారాల్లోపే పెట్టండి. అలా పెడితే ఎంతమంది లెండర్లు క్రెడిట్ లాగినా స్కోరింగులో ఒక్కసారి కిందే లెక్క. దరఖాస్తు అందిన మూడు పనిదినాల్లో లోన్ ఎస్టిమేట్ పంపాలని ఫెడరల్ నిబంధన. అందులో వడ్డీ రేటు ఒక్కటే చూసి మురిసిపోకండి. రెండో పేజీలో సెక్షన్ ఏ కింద లెండర్ సొంత ఛార్జీలు ఉంటాయి. మూడో పేజీలో "ఐదేళ్లలో మొత్తం ఎంత కట్టి ఉంటారు, అందులో అసలు ఎంత తీరి ఉంటుంది" అన్న రెండు అంకెలుంటాయి. ఇద్దరు లెండర్లని పోల్చడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

దంపతుల్లో ఒకరికి గ్రీన్ కార్డు ఉంటే ఆ ఒక్కరి పేరు మీద ఎఫ్‌హెచ్‌ఏ తీసుకోవచ్చు. అప్పుడు రెండోవారి జీతం లెక్కలోకి రాదు. టెక్సాస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి కమ్యూనిటీ ప్రాపర్టీ (దంపతుల ఆస్తి, అప్పు ఉమ్మడిగా చూసే) రాష్ట్రాల్లోనైతే జీతం లెక్కించరు గానీ వారి కారు లోను, క్రెడిట్ కార్డు బాకీలు మాత్రం లెక్కిస్తారు. ఆ లెక్క వేసుకోకుండా దిగకండి.

ప్రశ్న: డౌన్ పేమెంట్ కోసం నాన్నగారు గుంటూరులో ప్లాటు అమ్మి డబ్బు పంపుతానంటున్నారు. ఏ క్రమంలో పంపితే ఇక్కడ లెండర్ పేచీ పెట్టడు?

జవాబు: ముందు ప్లాటు ఎవరి పేరున ఉందో చూడండి. నాన్నగారి పేరున ఉంటే అది మీకిచ్చే గిఫ్టు అవుతుంది. రిజర్వు బ్యాంకు ఎల్ఆర్ఎస్ (విదేశాలకి డబ్బు పంపే) పథకం కింద భారత్‌లో నివసించే ఒక్కో వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. అమ్మగారికి విడిగా అంతే పరిమితి ఉంటుంది. ఏడాదికి 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందస్తుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. అది అదనపు పన్ను కాదు, రిటర్ను వేసి సర్దుబాటు చేసుకోవచ్చు, వాపసూ వస్తుంది. కానీ అప్పటిదాకా ఆ డబ్బు చేతిలో ఉండదు. కాబట్టి ఇక్కడ కావాల్సిన మొత్తానికి అక్కడ సిద్ధం చేసుకోవాల్సిన మొత్తం అంతకన్నా పెద్దదని గుర్తుంచుకోండి. ప్లాటు మీ పేరునే ఉంటే అమ్మిన సొమ్ము ఎన్ఆర్ఓ (ప్రవాసుల భారతీయ ఆదాయం కోసం ఉండే) ఖాతాలో పడుతుంది. పన్ను కట్టినట్టు చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్‌తో ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చు.

ఇక్కడి వైపు: నెల జీతంలో సగానికి మించిన డిపాజిట్ ఏది కనిపించినా లెండర్ దాని మూలం అడుగుతాడు. గిఫ్టు లెటర్లో ఇచ్చేవారి పేరు, చిరునామా, ఫోన్ నంబరు, మీతో బంధుత్వం, మొత్తం, తేదీ, తిరిగి ఇవ్వక్కర్లేదన్న మాట ఉండాలి. నాన్నగారి ఖాతాలోంచి సొమ్ము వెళ్లినట్టు, మీ అమెరికా ఖాతాలో డాలర్లుగా పడినట్టు రెండు వైపులా కాగితం కావాలి. తెలుగులోనో హిందీలోనో ఉన్న కాగితాలకి ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి. వీలైతే దరఖాస్తుకి మూడు నెలల ముందే డబ్బు తెప్పించుకోండి. లెండర్ చూసేది చివరి రెండు నెలల స్టేట్‌మెంట్లే కాబట్టి సగం ప్రశ్నలు పుట్టనే పుట్టవు.

"నాన్న అక్కడ రూపాయలిస్తాడు, ఇక్కడ స్నేహితుడు నా ఖాతాలో డాలర్లు వేస్తాడు" అన్న పద్ధతి మనవాళ్లలో ఇప్పటికీ ఉంది. దయచేసి ఆ దారిన వెళ్లకండి. భారత్‌లో అది విదేశీ మారక చట్టానికి విరుద్ధం. ఇక్కడ లెండర్‌కి కనిపించేది బంధువు కాని మనిషి వేసిన పెద్ద డిపాజిట్. దాన్ని గిఫ్టుగా ఒప్పుకోడు, అప్పుగా లెక్కేస్తాడు, లేదా ఆ సొమ్మునే పక్కన పెట్టేస్తాడు.

విదేశాల్లో ఉన్నవాళ్ల నుంచి ఒక ఏడాదిలో వచ్చిన గిఫ్టులు లక్ష డాలర్లు దాటితే అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కి ఫారం 3520 వేయాలి. అమ్మ, నాన్న ఇచ్చినవి కలిపి లెక్కేయాలి. పన్నేమీ లేదు, సమాచారం ఇవ్వడమే. వేయకపోతే మాత్రం నెలకి 5 శాతం చొప్పున 25 శాతం దాకా జరిమానా ఉంది.

ఈ సందర్భంలోనే ఇంకో మాట. హైదరాబాద్‌లో మీ పేరున ఫ్లాటు ఉంటే దరఖాస్తులో రాయాల్సిందే. ఫ్యానీ మే నిర్వచనం ప్రకారం గత మూడేళ్లలో ఏ నివాస ఆస్తిలోనూ వాటా లేనివారే మొదటి ఇల్లు కొంటున్నవారు. ఏ దేశంలో అన్న మినహాయింపు ఆ వాక్యంలో లేదు. దంపతుల్లో ఒక్కరికి లేకపోయినా సరిపోతుంది కాబట్టి ఫ్లాటు ఎవరి పేరున ఉందన్నది ముఖ్యం.

ప్రశ్న: గ్రీన్ కార్డు వచ్చాక 2023లో కొలంబస్‌లో 3,20,000 డాలర్ల ఇల్లు ఎఫ్‌హెచ్‌ఏ మీద కొన్నాం. విలువ పెరిగి మా వాటా ఇప్పుడు 20 శాతం దాటింది. లోను బీమా తీసేయమంటే సర్వీసర్ (వాయిదాలు వసూలు చేసే సంస్థ) ఒప్పుకోవడం లేదు. 20 శాతం దాటితే తీసేయాలని చట్టం లేదా?

జవాబు: ఉంది, కానీ అది మీ లోనుకి వర్తించదు. 1998 నాటి చట్టం కన్వెన్షనల్ లోన్ల మీద ఉండే ప్రైవేటు బీమాకి సంబంధించినది. ఎఫ్‌హెచ్‌ఏ బీమాకి లెక్క వేరు. మీరు మూడున్నర శాతం, అంటే 11,200 కట్టారనుకుందాం. లోను 3,08,800. దాని మీద ముందస్తు బీమా ఫీజు 1.75 శాతం, అంటే 5,404 డాలర్లు, లోనులోనే కలిపేసి ఉంటారు. ఆపైన ఏడాదికి 0.55 శాతం, మొదటి ఏడాది నెలకి సుమారు 141 డాలర్లు. డౌన్ పేమెంట్ 10 శాతం లోపు ఉంటే ఇది లోను ఉన్నంతకాలం కట్టాలి. 10 శాతం గానీ ఆపైన గానీ కట్టినవాళ్లకి 11 ఏళ్లకి పోతుంది. 2013 జూన్‌కి ముందు తీసుకున్న వాళ్లకి రూలు మెత్తగా ఉండేది. సీనియర్లు "అదే పోతుందిలే" అని చెప్పేది అందుకే.

వదిలించుకునే దారి ఒక్కటే, కన్వెన్షనల్‌కి రీఫైనాన్స్ చేయడం (కొత్త లోనుతో పాతది తీర్చేయడం). రీఫైనాన్స్ ఖర్చు 6,000 డాలర్లు, రేటు అటూఇటూగా అంతే ఉంటే, నెలకి 141 మిగిలినప్పుడు ఆ ఖర్చు తిరిగి రావడానికి మూడున్నరేళ్లు పడుతుంది. కొత్త రేటు పాతదానికన్నా అర శాతం ఎక్కువుంటే అసలు చేయకండి. బీమా తగ్గినదాంట్లో చాలావరకు పెరిగిన వడ్డీకే పోతుంది, రీఫైనాన్స్ ఖర్చు తిరిగి రావడం కష్టం.

కన్వెన్షనల్ మీద ఉన్న పాఠకులకి: ఇంటి తొలి విలువలో 80 శాతానికి లోను బాకీ దిగినప్పుడు బీమా తీసేయమని మీరు రాతపూర్వకంగా అడగొచ్చు, షెడ్యూలు ప్రకారం 78 శాతానికి దిగే తేదీకి వాళ్లంతట వాళ్లే తీసేయాలి. ధర పెరిగిందని ముందే తీయించుకోవాలంటే, ఫ్యానీ మే లోన్లలో రెండు నుంచి ఐదేళ్ల మధ్య ప్రస్తుత విలువలో 75 శాతం లోపు, ఐదేళ్లు దాటితే 80 శాతం లోపు బాకీ ఉండాలి. వాల్యుయేషన్ ఖర్చు మీదే. గత 12 నెలల్లో ఒక్క వాయిదా కూడా 30 రోజులు ఆలస్యమై ఉండకూడదు. ఆ వాల్యుయేషన్ సర్వీసర్ పురమాయించాలి. మీరు సొంతంగా చేయించిన అప్రైజల్‌ని పక్కన పడేస్తారు. ఈ పొరపాటు చాలామంది చేస్తున్నారు.

ప్రశ్న: టెక్సాస్ సెలీనాలో కొత్త ఇల్లు. ఏడాది తిరిగేసరికి నెల వాయిదా 1,400 డాలర్లకు పైగా పెరిగింది. మాది ఫిక్స్‌డ్ రేటే. మోసమా?

జవాబు: మోసం కాదు గానీ ముందే చెప్పి ఉండాల్సింది. ఫిక్స్‌డ్ అన్నది అసలు, వడ్డీలకే. ప్రాపర్టీ టాక్స్, ఇంటి బీమా ఎస్క్రో ఖాతాలోంచి (వాటికోసం సర్వీసర్ నెలనెలా వసూలు చేసి ఉంచేది) పోతాయి, అవి ఏటా మారతాయి. కొత్త ఇళ్లలో జరిగేది ఇది: జనవరి 1న ఆ స్థలం ఎలా ఉందో దాన్నిబట్టి ఆ ఏడాది విలువ కడతారు. ఆ రోజుకి అక్కడ ఖాళీ స్థలమే ఉంది. స్థలంతో కలిపి 5 లక్షల ఇల్లు, అందులో స్థలం లక్ష, పన్ను మొత్తం 2.2 శాతం అనుకుందాం. మొదటి ఏడాది బిల్లు 2,200. రెండో ఏడాది 11,000. ఎస్క్రో మాత్రం 2,200 లెక్కనే వసూలు చేసింది. ఇప్పుడు పాత లోటు 8,800, ఇకమీదట ఏటా అదనంగా 8,800. రెండూ పన్నెండు నెలలకి పంచితే నెలకి 733 చొప్పున రెండుసార్లు, మొత్తం 1,466.

చేయగలిగినవి ఉన్నాయి. 1974 నాటి రెస్పా (ఇంటి లోను లావాదేవీల) చట్టం కింద సర్వీసర్ ఎస్క్రోలో ఏడాది చెల్లింపుల్లో ఆరో వంతుకి మించి అదనపు నిల్వ పెట్టకూడదు, ఏటా లెక్క మీకు పంపాలి. ఒక నెల ఎస్క్రో వాయిదాకి మించిన లోటుని ఒకేసారి కట్టమని బలవంతపెట్టకూడదు, నెలసరి వాయిదాలుగా పంచాలి, మామూలుగా 12 నెలలకి పంచుతారు. ఇంకా ఎక్కువ నెలలకి పంచమని అడగొచ్చు, కొందరు ఒప్పుకుంటారు. మీ దగ్గర డబ్బుంటే లోటు ఒకేసారి కట్టేయండి, అప్పుడు పెరిగేది నెలకి 733 మాత్రమే.

హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్‌కి (సొంతానికి ఉండే ఇంటికి పన్ను మినహాయింపు) దరఖాస్తు పెట్టారా? టెక్సాస్‌లో స్కూలు పన్ను లెక్కలో ఇంటి విలువ నుంచి 1,40,000 డాలర్లు తీసేస్తారు. దీనికి పౌరసత్వం అక్కర్లేదు, మీ డ్రైవింగ్ లైసెన్సు మీద ఈ ఇంటి చిరునామా ఉండాలి. లైసెన్సు మార్చుకోకపోవడం వల్లే చాలా దరఖాస్తులు తిరిగొస్తున్నాయి. మినహాయింపు వచ్చాక కొత్త బిల్లు సర్వీసర్‌కి పంపి ఎస్క్రో లెక్క మళ్లీ చేయమనండి. లెక్కలో తప్పుందనిపిస్తే ఫోన్లో వాదించకండి, ఉత్తరం రాయండి. ఐదు పనిదినాల్లో అందిందని చెప్పాలి, మామూలుగా 30 పనిదినాల్లో జవాబివ్వాలి.

ఇంకా కొనని వాళ్లు క్లోజింగ్‌కి ముందే "పన్ను స్థలం మీద కాదు, పూర్తయిన ఇంటి విలువ మీద వేసి ఎస్క్రో పెట్టండి" అని లెండర్‌ని అడగండి. బిల్డర్ లెండర్ చూపే తక్కువ వాయిదా చాలాసార్లు ఈ స్థలం లెక్కే.

ప్రశ్న: న్యూజెర్సీలో రాష్ట్ర హౌసింగ్ ఏజెన్సీ డౌన్ పేమెంట్ సాయం ఇస్తుందట. తీసుకుంటే తర్వాత ఏమైనా మెలిక ఉంటుందా?

జవాబు: ఇలాంటి ఏజెన్సీ ప్రతి రాష్ట్రంలోనూ ఉంది. ఆ లోన్ల సొమ్ము చాలావరకు ఫెడరల్ పన్ను మినహాయింపు ఉన్న బాండ్ల నుంచి వస్తుంది, అందుకే ఆదాయ పరిమితి, ఇంటి ధర పరిమితి ఉంటాయి. సాయం సాధారణంగా రెండో లోను రూపంలో ఇస్తారు, నిర్ణీత ఏళ్లు ఆ ఇంట్లోనే ఉంటే మాఫీ అవుతుంది. ముందే అమ్మినా, రీఫైనాన్స్ చేసినా తిరిగి కట్టాలి. రీఫైనాన్స్ కూడా ఇందులోకి వస్తుందని చాలామందికి తట్టదు.

అసలు మెలిక వేరే ఉంది. మొదటి లోను ఆ బాండ్ల సొమ్ముదైతే, తొమ్మిదేళ్లలోపు లాభానికి అమ్మి, అప్పటికి మీ ఆదాయం నిర్ణీత పరిమితి దాటి ఉంటే, ఫారం 8828 కింద రీక్యాప్చర్ అనే ఫెడరల్ పన్ను కట్టాలి. గరిష్ఠం లోను మొత్తంలో 6.25 శాతం, లేదా లాభంలో సగం, ఏది తక్కువైతే అది. 3 లక్షల లోనుకి ఇది 18,750 డాలర్ల దాకా వెళ్లొచ్చు. ఐదో ఏట అమ్మితే అత్యధికం, అటూఇటూ తగ్గుతుంది. కొనేనాటికి ఒకే జీతం, నాలుగేళ్లకి ఈఏడీ వచ్చి రెండు జీతాలు అన్నది మన ఇళ్లలో మామూలు. ఈ పన్ను సరిగ్గా అలాంటి వాళ్లనే పట్టుకుంటుంది. దరఖాస్తు రోజే "ఈ లోను బాండ్ సొమ్ముదా? రీక్యాప్చర్ పన్ను పడితే ఏజెన్సీ తిరిగి ఇస్తుందా?" అని అడిగి జవాబు రాతలో తీసుకోండి. కొన్ని ఏజెన్సీలు ఇస్తాయి.

ప్రశ్న: యాభై ఏళ్ల లోను వస్తుందని విన్నాం. వాయిదా బాగా తగ్గుతుందా?

జవాబు: 2025 నవంబర్లో ట్రంప్ ప్రభుత్వం ఆ ఆలోచన బయటపెట్టింది. 2010 డాడ్-ఫ్రాంక్ చట్టం నిర్వచించిన "క్వాలిఫైడ్ మార్ట్‌గేజ్" (చట్టం భద్రమైనదిగా లెక్కించే లోను) గడువు 30 ఏళ్లకి మించకూడదు, కాబట్టి ఆ రూలు మారకుండా ఇది మామూలు లోను కాలేదు. లెక్క చూడండి. 4 లక్షలు, రెండింటికీ 6.5 శాతమే అనుకుందాం. 30 ఏళ్లకి వాయిదా 2,528. 50 ఏళ్లకి 2,255. నెలకి 273 తగ్గింది. పదేళ్ల తర్వాత మొదటిదాంట్లో తీరిన అసలు సుమారు 61,000, రెండోదాంట్లో 15,000 లోపు. మొత్తం వడ్డీ 5,10,000 నుంచి 9,53,000కి చేరుతుంది. పైగా గడువు పెరిగితే లెండర్ రేటూ పెంచుతాడు, ఆ 273లో కొంత అక్కడే పోతుంది. మా అభిప్రాయంలో ఇది కొనేవాడికి మేలు కాదు.

ప్రశ్న: "ఇల్లు కొంటే వడ్డీ అంతా టాక్సులో తిరిగొస్తుంది" అని రియల్టర్ అన్నాడు. నిజమేనా?

జవాబు: కాదు. వడ్డీ మినహాయింపు (7,50,000 డాలర్ల లోను వరకు) ఇతర మినహాయింపులతో కలిసి స్టాండర్డ్ డిడక్షన్‌ని (అందరికీ దొరికే స్థిర మినహాయింపు) దాటితేనే పనికొస్తుంది. దంపతులకి 2026లో అది 32,200. పైన చెప్పిన 4 లక్షల లోనుకి మొదటి ఏడాది వడ్డీ సుమారు 25,870. ప్రాపర్టీ టాక్స్ 8,000. కలిపితే 33,870. దాటింది 1,670 మాత్రమే, 22 శాతం శ్లాబులో మిగిలేది ఏడాదికి 367 డాలర్లు. రాష్ట్ర ఆదాయపన్ను ఎక్కువున్న కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో ఇంకొంత మేలు, ఎందుకంటే రాష్ట్ర, స్థానిక పన్నుల మినహాయింపు పరిమితి 2025లో 10,000 నుంచి 40,000కి పెరిగింది. ఆదాయం సుమారు 5 లక్షలు దాటిన వాళ్లకి ఆ పరిమితి తగ్గుతూ పోతుంది.

ప్రశ్న: విజయవాడ నుంచి మా అబ్బాయి దగ్గరికి వచ్చాను. ఇక్కడ సర్కారు ఇన్ని రకాల పూచీలు ఇస్తుంటే జీతగాళ్లకి ఇల్లు ఎందుకు అందడం లేదు?

జవాబు: సర్కారు అప్పుని చవక చేసింది, ఇళ్ల సంఖ్యని పెంచలేదు. ఈ ఒక్క వాక్యం వెనక తొంభై ఏళ్ల చరిత్ర ఉంది.

1930లకి ముందు ఇక్కడ ఇంటి లోను ఐదు, పదేళ్లకే ఇచ్చేవారు. సగం సొమ్ము ముందే కట్టాలి, గడువు చివర్లో మిగతాది ఒక్కసారిగా తీర్చాలి. మహామాంద్యంలో ఆ లోన్లు తీర్చలేక లక్షల ఇళ్లు వేలానికి పోయాయి. 1933లో పెట్టిన ప్రభుత్వ సంస్థ హెచ్ఓఎల్‌సీ (హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్) సుమారు పది లక్షల లోన్లని దీర్ఘకాలిక లోన్లుగా మార్చింది. 1934లో ఎఫ్‌హెచ్‌ఏ వచ్చింది, 1938లో ఫ్యానీ మే. లోను ఇచ్చిన బ్యాంకు దాన్ని అమ్మేసి, ఆ సొమ్ముతో ఇంకొకరికి ఇవ్వగలగడం అక్కణ్నుంచి మొదలైంది. 30 ఏళ్ల ఫిక్స్‌డ్ రేటు ఈ పునాది మీదే నిలబడింది. 2008 సెప్టెంబర్లో ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ కుప్పకూలబోతే ఫెడరల్ ప్రభుత్వం తన అధీనంలోకి తీసుకుంది.

ఈ పూచీ అందరికీ అందలేదు. హెచ్ఓఎల్‌సీ మ్యాపుల్లో నల్లజాతివాళ్లుండే పేటలకి ఎర్రరంగు పూశారు. ఎఫ్‌హెచ్‌ఏ అలాంటి చోట్ల బీమా నిరాకరించింది. 1968 ఫెయిర్ హౌసింగ్ చట్టం దాకా ఇది సాగింది. రెండు తరాలపాటు ఇల్లు అనే ఆస్తి చేతికి రాని కుటుంబాల వెనకబాటు ఇప్పటికీ కనిపిస్తుంది. మన దేశస్థులకీ ఇలాంటి అనుభవం ఉంది. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులకి పౌరసత్వ అర్హత లేదన్నాక, కాలిఫోర్నియా ఏలియన్ ల్యాండ్ చట్టాలు వాళ్లకి సాగుభూమి హక్కు లేకుండా చేశాయి.

ఇక సంఖ్య సంగతి. ఎక్కడ ఎన్ని ఇళ్లు కట్టొచ్చన్నది వాషింగ్టన్ చేతిలో లేదు, ఊరి చేతిలో ఉంది. 1926లో ఒహాయోలోని యూక్లిడ్ అనే ఊరి కేసులో సుప్రీంకోర్టు జోనింగ్‌ని (ఎక్కడ ఏం కట్టొచ్చో ఊరు నిర్ణయించే నిబంధనలు) సమర్థించింది. 1920ల్లో ఫెడరల్ వాణిజ్య శాఖే నమూనా జోనింగ్ చట్టం రాసి రాష్ట్రాలకి పంచింది. ఫలితంగా ఎన్నో సబర్బుల్లో ఒక ప్లాటుకి ఒకే ఇల్లు, ప్లాటు కనీసం ఇంత విస్తీర్ణం అన్న రూలు స్థిరపడింది. చిన్న ప్లాట్లు, రెండు పోర్షన్ల ఇళ్లు, నాలుగంతస్తుల ఫ్లాట్లు వేసే వీలు లేని చోట, లోను ఎంత సులువైతే అంత ధర పైకి పాడుకోవడమే జరుగుతుంది. సాయం కొనేవాడి పేరున వస్తుంది, అమ్మేవాడి జేబులోకి చేరుతుంది.

దీనికి తోడు 30 ఏళ్ల ఫిక్స్‌డ్ రేటే ఇప్పుడు ఒక చిక్కు తెచ్చింది. ఫ్రెడ్డీ మ్యాక్ లెక్కలో సగటు రేటు 2021 జనవరిలో 2.65 శాతానికి దిగింది, 2023 అక్టోబర్లో 7.79కి ఎక్కింది. 3 శాతం లోను ఉన్నవాడు ఇల్లు అమ్మి కొత్త రేటుకి ఎందుకు వెళ్తాడు? అలా పాత ఇళ్లు మార్కెట్టుకి రావడం తగ్గింది. ఎఫ్‌హెచ్‌ఏ లోన్లని, వీఏ (మాజీ సైనికులకి ప్రభుత్వ పూచీతో వచ్చే) లోన్లని మాత్రం అర్హత ఉన్న కొనుగోలుదారు పాత రేటుతోనే తన పేరుకి మార్చుకోవచ్చు. ధరకీ మిగిలిన బాకీకీ మధ్య తేడా నగదుగా కట్టాలి. అమ్మే ఇంటి వివరాల్లో ఆ లోను ఉందేమో అబ్బాయిని అడిగి చూడమనండి. మామూలు కన్వెన్షనల్ లోనుకి ఈ వెసులుబాటు లేదు.

ప్రశ్న: లేఆఫ్ అయింది. హైదరాబాద్ వెళ్లిపోతున్నాం. ఇల్లు అద్దెకివ్వాలా, అమ్మాలా?

జవాబు: అమ్మే ఆలోచన ఉంటే మీరింకా ఇక్కడ పన్ను రెసిడెంటుగా ఉండగానే క్లోజింగ్ అయ్యేలా చూడండి. నాన్-రెసిడెంటు అయ్యాక అమ్మితే ఫిర్ప్టా (విదేశీయుల స్థిరాస్తి అమ్మకాల పన్ను) చట్టం కింద కొనేవాడు అమ్మకం ధరలో 15 శాతం పట్టుకుని ఐఆర్ఎస్‌కి కట్టాలి. లాభంలో కాదు, ధరలో. 5 లక్షలకి అమ్మి 40,000 లాభం వచ్చినా 75,000 ఆగిపోతుంది. కొనేవాడు తానే కాపురముంటానని రాసిస్తే, 3 లక్షల లోపు ధరకి ఏమీ పట్టరు, పది లక్షల లోపు ధరకి 10 శాతం పడుతుంది. క్లోజింగ్ రోజుకో, ముందో ఫారం 8288-బి వేస్తే తక్కువ పట్టుకోమని ఐఆర్ఎస్ సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. దానికి సుమారు మూడు నెలలు పడుతుంది, అప్పటిదాకా సొమ్ము టైటిల్ కంపెనీ (హక్కు పత్రాలు, క్లోజింగ్ చూసే సంస్థ) దగ్గర ఉంటుంది. చివరికి రిటర్ను వేశాక అదనంగా పట్టింది తిరిగొస్తుంది.

గత ఐదేళ్లలో రెండేళ్లు ఆ ఇంట్లో ఉంటే దంపతులకి 5 లక్షల లాభం దాకా పన్ను మినహాయింపు ఉంది. అద్దెకిచ్చి వెళ్లినా ఈ లెక్క మూడేళ్ల దాకా చెల్లుతుంది, తరుగుదల కింద రాసుకున్నంత వరకు మాత్రం పన్ను పడుతుంది. కానీ ఉమ్మడి రిటర్ను వేసేవాళ్లకే ఆ 5 లక్షలు. నాన్-రెసిడెంటు దంపతులు సాధారణంగా ఉమ్మడిగా వేయలేరు, అప్పుడు ఎవరి వాటాకి వారికి 2,50,000. రెండేళ్లు నిండకుండానే ఉద్యోగం పోయి అమ్ముతుంటే ఉన్న నెలల నిష్పత్తిలో పాక్షిక మినహాయింపు అడగొచ్చు.

అద్దెకిస్తే, నాన్-రెసిడెంటు అద్దె మొత్తం మీద 30 శాతం పట్టుకోవాలన్నది మామూలు రూలు. ఖర్చులు పోను మిగిలిన దాని మీదే పన్ను కట్టే వెసులుబాటు ఎంచుకుని, ప్రాపర్టీ మేనేజర్‌కి డబ్ల్యూ-8ఈసీఐ ఫారం ఇచ్చి, ఏటా రిటర్ను వేయాలి. ఇంటి బీమాని అద్దె ఇంటి పాలసీగా మార్చండి. సొంతానికి ఉన్న పాలసీ మీద అద్దెదారు ఉండగా పైపు పగిలితే క్లెయిమ్ తిరస్కరించవచ్చు.

పవర్ ఆఫ్ అటార్నీ వెళ్లేముందే ఇక్కడే సంతకం చేసి నోటరీ చేయించండి. అందులో ఇంటి చిరునామా, అమ్మే అధికారం స్పష్టంగా ఉండాలి. టైటిల్ కంపెనీకి ముసాయిదా చూపించి వాళ్లు సరేనన్నాకే సంతకం పెట్టండి. పెట్టకుండా వెళ్తే హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్లో నోటరీ అపాయింట్‌మెంట్ దొరికేదాకా క్లోజింగ్ ఆగుతుంది, ఈలోగా కొనేవాడి రేటు లాక్ (లెండర్ ఖాయం చేసిన వడ్డీ రేటు) గడువు ముగిసిపోవచ్చు.